బ్లేడు మాస్టారు

ఇంగ్లండు పల్లెల్లో గుర్రాలను అద్దెకు కట్టేసుకునే యార్డులుంటాయి. గుర్రం మనది, కొట్టం వాళ్లది, నెల తిరిగేసరికి అద్దె. మా అమ్మాయి గుర్రపుస్వారీ మోజు పుణ్యమా అని ఇలాంటి యార్డుల బురద తొక్కే యోగం నాకు పట్టింది. చూసినంతలో చెబుతున్నాను: బ్లేడు మాస్టారు లేని యార్డు లేదు.

మనిషి ఏభై దాటి ఉంటాడు. చలికోటు కుడిజేబులో చమురుసీసా, ఎడమజేబులో పళ్లబ్రష్షు. బ్రష్షు పళ్లు తోమడానికే గానీ ఆయన పళ్లు కాదు. వేసవంతా ఈయన ఉన్నాడో లేడో ఎవరికీ పట్టదు. అక్టోబరు వచ్చి గుర్రాలకు చలికాలపు బొచ్చు దట్టమవగానే ఆయనకు కళ వస్తుంది. అంత బొచ్చుతో పరుగులు పెట్టిస్తే గుర్రానికి చెమట పట్టి, ఓ పట్టాన ఆరక, చలి కొడుతుంది. అందుకని పనిచేసే గుర్రాలకు క్లిప్పరుతో బొచ్చు తీసేసి, పైన దుప్పటి కప్పుతారు. దేవుడిచ్చిన కోటు విప్పి దుకాణంలో కొన్న కోటు తొడగడమన్నమాట. జనవరి దాటాక కత్తిరిస్తే ఎండాకాలపు బొచ్చు పాడవుతుందంటారు. కాబట్టి మాస్టారి సీజను నాలుగు నెలలే. ఆ నాలుగు నెలల్లో ఏడాదికి సరిపడా మాట్లాడతాడు.

కొత్తగా గుర్రం కొన్న అమ్మాయి ఎవరో వచ్చి, "ఏ బ్లేడు కొనమంటారు?" అని అడుగుతుంది. జవాబు ఒక్క మాట: మీడియం. మామూలు గుర్రానికి అది చాలు. కానీ ఆ ఒక్క మాటతో పోనిస్తే ఆయన మాస్టారెలా అవుతాడు? "ఏ జాతి? చర్మం పల్చనా, మందమా? కాళ్లకా, ఒంటికా?" అని మొదలెడతాడు. కాళ్లకు ముతక బ్లేడు వాడాలి, బొచ్చు కాస్త ఎక్కువ మిగిలి బురదనుంచి కాపాడుతుంది. తర్వాత నంబర్ల పాఠం. చిన్న క్లిప్పర్లకు తగిలించే బ్లేడ్లలో నంబరు పెరిగినకొద్దీ బొచ్చు తక్కువ మిగులుతుంది. 10 నంబరు ఒకటిన్నర మిల్లీమీటరు ఉంచుతుంది, 40 నంబరు పావు మిల్లీమీటరే. ఆ రెండోది ఆపరేషనుకు ముందు పశువుల డాక్టర్లు వాడేది. మంగలి షాపులో మిషనుకు తగిలించే దువ్వెనల లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. ఆ అలవాటుతో 40 కొనుక్కొచ్చిన పెద్దమనిషి కథ ఒకటి మాస్టారి దగ్గర ఉంది. ప్రతి చలికాలం ఆ గుర్రం ఇంకాస్త గుండవుతూ ఉంటుంది.

అసలు కచేరీ బిగింపు దగ్గర. క్లిప్పరు బ్లేడంటే ఒకటి కాదు, జత. కింద కదలని దువ్వెన, పైన అటూ ఇటూ ఆడే కట్టరు, రెంటినీ అదిమిపట్టే మర. వదులైతే బొచ్చు మధ్యన ఇరుక్కుని పీకుతుంది, పీకితే గుర్రం తన్నుతుంది. మరీ బిగిస్తే మోటారు మూలుగుతుంది, బ్లేడు కాలిపోతుంది, రెండు గుర్రాలకే మొద్దుబారుతుంది. మాస్టారు మర తిప్పుతూ కళ్లు మూసుకుని, తంబూరా శ్రుతి చేసుకునే విద్వాంసుడిలా మోటారు చప్పుడు వింటాడు. "ఊఁహూఁ" అంటాడు. ఇంకో పిసరు తిప్పుతాడు. ఈలోగా గుర్రం పట్టుకున్న అమ్మాయికి చేతులు కొంకర్లు పోతుంటాయి.

చిక్కేమిటంటే, ఆయన చెప్పేదంతా నిజం. అబద్ధాలైతే నవ్వి పోవచ్చు. బ్లేడుకు శత్రువు బొచ్చు కాదు, బొచ్చులోని మట్టి. స్నానం చేయించి, బాగా ఆరనిచ్చి మొదలెట్టిన గుర్రానికి బ్లేడు ఎంత మన్నుతుందో, అడుసులోంచి తెచ్చి నిలబెట్టిన గుర్రానికి అంత తొందరగా చస్తుంది. అయిదు పది నిమిషాలకోసారి ఆపి, బ్రష్షుతో దులిపి, చమురు వేయాలి. బ్లేడును ముంజేతికి ఆనించి వేడి చూడాలి; మన చెయ్యి ఓర్వనిది గుర్రం పొట్ట ఓర్వదు. పన్ను విరిగిన బ్లేడు చర్మం కోస్తుంది, దాన్ని పారెయ్యాల్సిందే. ఇక ఇంట్లో సానరాయి మీద పదును పెట్టానని ఎవరైనా అన్నారో, మాస్టారు అక్కడున్న గడ్డిమోపు మీద కూలబడతాడు. బ్లేడు పళ్ల అంచుల్ని కత్తిలా నూరకూడదు. రెండు ముఖాలూ ఒకదాన్నొకటి వెంట్రుక దూరనంతగా రాసుకోవాలంటే యంత్రం మీద తిరిగే పళ్లెంపై జతగా అరగదీయాలి. అందుకే ఈ జతలోది ఆ జతకు కలపకూడదు. ఆయన వాటిని నూనెకాగితంలో చుట్టి, తేదీ రాసి, బిస్కెట్ల డబ్బాలో దాస్తాడు. డబ్బాలో వాడినవాటి కంటే కాగితం విప్పనివే ఎక్కువ.

మీరు గుర్రం వెనక్కాళ్ల దగ్గర వంగి, ఎప్పుడు తంతుందోనని బిక్కుబిక్కుమంటున్నప్పుడు చరిత్ర మొదలవుతుంది. వుల్స్‌లీ కార్లు తెలుసా? ఆ కంపెనీ మొదట చేసింది గొర్రెల బొచ్చు తీసే యంత్రాలు! ఆస్ట్రేలియాలో డార్లింగ్ నది ఒడ్డున డన్‌లప్ స్టేషన్ అనే గొర్రెల క్షేత్రంలో 1888లో మందమందంతా యంత్రాలతోనే కత్తిరించారు. ఆ కంపెనీలో పనిచేసిన హెర్బర్ట్ ఆస్టినే తర్వాత 1905లో సొంత కార్ల కంపెనీ పెట్టాడు. ఇది విన్నాక నాకు మన అంబాసిడర్ గుర్తొచ్చింది. దాని పుట్టిల్లు మోరిస్. ఆ మోరిస్ యజమాని 1927లో వుల్స్‌లీని కొనేశాడు. అంటే ఒకప్పటి మన మంత్రిగారి తెల్లకారుకు గొర్రె కత్తెర వేలువిడిచిన మేనమామ. ఈ సంగతి మాస్టారికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది, అరగంట పోయింది.

నవంబరులో ఓ సాయంత్రం పక్కపొలం రైతు వచ్చాడు. పశువుల్ని కొట్టంలో కట్టేసే కాలం, వాటి పొట్టల కింద పేడ గడ్డకట్టి ఉంటుంది. అలా మురికిగా తోలుకెళ్తే కబేళావాళ్లు తీసుకోరు, కాబట్టి ముందే పొట్టబొచ్చు తీయాలి. "మా బ్లేడు పోయింది, రేపు పొద్దున లారీ వస్తుంది. ఒకటిస్తావా?" అన్నాడు.

మాస్టారు బిస్కెట్ల డబ్బాను చంకలోకి లాక్కున్నాడు. పశువుల బ్లేడు వేరన్నాడు. దానికి పళ్లు తక్కువ, ఎడం ఎక్కువ అన్నాడు. పేడలో పెడితే గుర్రాల బ్లేడు నిమిషం బతకదన్నాడు. పేడను ముందు నానబెట్టాలా, గోకాలా అన్నది చర్చించాడు. బిగింపు దాకా వచ్చాడు. రైతు గేటుకు ఆనుకుని ఓపిగ్గా విన్నాడు. విని, "ఇంతకీ నీ గుర్రమేది?" అని అడిగాడు.

మాస్టారు పచ్చికబయలు చివరికి చూపించాడు. కళ్ల మీదకు జూలు పడి, నేల దాకా బొచ్చు వేలాడుతూ ఓ బుడ్డ గుర్రం గడ్డి మేస్తోంది.

"దానికి తియ్యవా?"

"దానికెందుకు? స్వారీ లేదు, పని లేదు, రాత్రీ పగలూ బయటే. దాని బొచ్చే దానికి కోటు. ముట్టుకోకూడదు."

ఇది కూడా నిజమే.

"అయితే ఆ బ్లేడ్లన్నీ ఖాళీగానే ఉన్నాయన్నమాట" అని రైతు చెయ్యి చాపాడు.