తెల్లారుజాము సరుకు

నాసిక్ వెళ్ళొచ్చినవాళ్ళతో కాస్త ఓపిగ్గా ఉండాలి. గంగాపూర్ డ్యాం నీళ్ళు, పక్కన ద్రాక్షతోటలు, చేతిలో పొడుగుకాడ గ్లాసు. ఆ గ్లాసుని మూడు తిప్పులు తిప్పి, ముక్కు అందులో దూర్చి, "జామపండు వాసన... కొంచెం కేప్సికం కూడా" అంటారు. సూలా వాళ్ళు 1999లో మొదలుపెట్టిన ముచ్చట. పాతికేళ్ళు తిరిగేసరికి నాసిక్ అంటే పంచవటి గుర్తొచ్చేవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. హైదరాబాదులో ఉండే మా బావమరిది అక్కడ రెండు రాత్రులు ఉండొచ్చి నాకు ఫోన్ చేశాడు. "బావా, మన కోనసీమలో ఇన్ని నీళ్ళున్నాయి, ఇంత పచ్చగా ఉంటుంది. ఇలాంటిదొకటి మనమూ పెట్టుకుందాం. వైన్ లేకపోతే కల్లు. కానీ సరస్సు పక్కన ఉండాలి సుమా."

పెట్టుకున్నాం. ఆరుగురొచ్చారు. ఆ అనుభవంతోనే ఈ సూచనలు. తు.చ. తప్పకుండా పాటిస్తే గోదావరి జిల్లాలో రెండు రోజుల కల్లు వీకెండు దిగ్విజయంగా జరుపుకుని, మంచికల్లు చుక్క కూడా నోట్లో పడకుండా క్షేమంగా ఇంటికి చేరొచ్చు.

ముందు నెల చూసుకోండి. ఆగస్టు శ్రేష్ఠం. గోదారి ఎర్రబడి పులస ఎక్కే రోజులవి, తాడిచెట్టు మాత్రం తన మానాన తాను నిలబడి ఉండే రోజులు. కొబ్బరిచెట్టు ఏడాది పొడుగునా కల్లిస్తుంది గానీ, కాయ అమ్ముకునే చెట్టుకి కత్తి పెట్టనిచ్చే రైతు కోనసీమలో అరుదు. ఆగస్టు కుదరకపోతే సంక్రాంతికి రండి. కోడిపందేల జనంతో గది దొరకదు, దొరికితే ధర వినలేరు. పొరపాటున కూడా శివరాత్రి దాటాక, ఎండలు ముదిరేలోపు రాకండి. పోతుతాడు గెలలు జోరుగా కారే కాలం అదే. మావాళ్ళు నా మాట విని సరిగ్గా అప్పుడే వచ్చారు. అందుకని మిగతా తప్పులన్నీ వాళ్ళే స్వయంగా చేసుకోవాల్సి వచ్చింది.

గది "లేక్ వ్యూ" అని రాసి ఉన్నదే తీసుకోండి. డిండిలో వశిష్ఠ గోదావరి ఉంది గానీ అది నది, సరస్సు కాదు కాబట్టి మా బావమరిదికి పనికిరాలేదు. వెతికి వెతికి ఇంకోచోట, పేరు చెప్పను, ఒక రిసార్టు పట్టాడు. తెర తీస్తే ఎదురుగా నిజంగానే నీళ్ళు, ఆ నీళ్ళలో నాలుగు ఏరేటర్లు. రాత్రంతా బడబడ, బడబడ. అది వనామి రొయ్యల చెరువు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వరికి వచ్చిన నీళ్ళు. 2009లో వనామికి అనుమతి దొరికాక ఆ వరిచేలే చాలాచోట్ల చెరువులయ్యాయి. రైతు రాత్రికి రెండుసార్లు టార్చి వేసుకుని గట్టు మీద తిరుగుతాడు. అతన్ని దొంగ అనుకుని రిసెప్షన్‌కి ఫోన్ చెయ్యడం కూడా కార్యక్రమంలో భాగమే. అసలు సరస్సే కావాలంటే కొల్లేరుంది. 1999లో దాన్ని అభయారణ్యం చేసి, 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టించారు. ఆ గొడవలోకి వీకెండు మనుషులు దిగకూడదు.

వచ్చిన రాత్రే సీసా విప్పండి. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సూచన. కల్లు కోసం వచ్చి మొదటి రాత్రి విస్కీ తాగకపోతే మర్నాడు తెల్లారుజామున మెలకువ వచ్చే ప్రమాదం ఉంది. రెండింటిదాకా మాట్లాడుకోండి. పదింటికి లేవండి. పదిన్నరదాకా ఫలహారం ఉంటుందని రిసార్టువాళ్ళు హామీ ఇచ్చారు కదా. పదకొండింటికి చలువ కళ్ళద్దాలు పెట్టుకుని తోపుకి బయల్దేరండి.

ఈలోగా అక్కడ జరిగిపోయింది ఇది. ఐదున్నరకి, ఇంకా మసక ఉండగానే, గీసే ఆయన మోకు నడుముకి చుట్టి, కాళ్ళకి బంధం వేసుకుని చెట్టెక్కాడు. పైన మట్టల మధ్య కూర్చుని గెల కొసని గీత కత్తితో పల్చగా, ఉల్లిపొర మందాన కోశాడు. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది. కొయ్యకపోతే పుండు మానినట్టు మాని కారడం ఆగిపోతుంది. నిండిన కుండ దింపి ఖాళీ కుండ కట్టాడు. కిందకి దిగిన కుండ మూతి మీద నురగ, నురగలో రెండు తేనెటీగలు. వాటిని పీచుతో వడకట్టి తాటాకు దొప్పలో పోశాడు. చల్లగా, తియ్యగా, కొంచెం వగరుగా, నాలుక చివర చిటపటమంటూ ఉంది. ఆ దొప్ప నా చేతిలో ఉన్నప్పుడు మా బావమరిది గురక పెడుతున్నాడు.

వైన్‌కి వయసు సంవత్సరాల్లో. దీనికి గంటల్లో. చెట్టు నుంచి కారేది పంచదార నీళ్ళలాంటి రసమే. కుండ లోపల సున్నం పూస్తే అది అలాగే నీరాగా ఉండిపోతుంది, కాస్తే తాటిబెల్లం అవుతుంది. సున్నం లేని కుండలో పడీ పడకముందే ఈస్టు దానిమీద పని మొదలుపెడుతుంది. పొద్దున్నకి పసిది, మధ్యాహ్నానికి బీరంత ఘాటు, సాయంత్రానికి పులుపు, మర్నాటికి వెనిగర్. నేలమాళిగలో దాచడానికి ఏమీ లేదు. లేచినవాడిదే కల్లు.

పదకొండింటికి చేరినవాళ్ళు మాత్రం నిరాశ పడకుండా ప్రశ్నలు వెయ్యాలి. మా బావమరిది వేశాడు.

"ఇది ఏ ఇయర్‌దండీ?"

"ఇయ్యాల్టిదేనండి, ఆయ్."

"అంటే, ఏ ప్రాంతం?"

"అదిగోండి, ఆ బోదిగట్టు మీద మూడో సెట్టు. పక్కదాని కల్లు కొంచెం వగరండి. తవరికి పడదు."

నాసిక్‌లో ఇదే మాట ఇంగ్లీషులో చెప్పినాయన టై కట్టుకున్నాడు కాబట్టి మావాడు దాన్ని నోట్సు రాసుకున్నాడు. ఇక్కడ నవ్వాడు. మీరూ నవ్వండి. తరవాత కుండకి ఎంతో అడిగి బేరమాడండి. రాత్రి సీసాకి మూడువేలు ఇచ్చేటప్పుడు బేరమాడలేదు కాబట్టి ఆ సరదా ఇక్కడ తీరుతుంది. జారితే ఎముక మిగలని ఎత్తు రోజుకి రెండుపూట్లా ఎక్కే మనిషి సరుకది, ఎంతైనా తగ్గిస్తాడు. ఆయన కొడుకు చెట్టెక్కడు. మద్యం దుకాణాల్లో గీత కులాలకి 10 శాతం కేటాయించారు కదా, లాటరీకి దరఖాస్తు పెట్టుకున్నాడట, రాలేదట. తండ్రి చెట్టు మీద నుంచి దించినదానికన్నా కొడుకు అలమరలో నుంచి తీసిచ్చేదానికే లెక్కెక్కువ.

ఆ కల్లు పులుపెక్కింది, వద్దు అని ఆయనే చెప్పాడు. ఇక్కడ అలిగి వెళ్ళిపోవాలి. రోడ్డు పక్క పాకలో దొరికేది తాగాలి. పొద్దున ఎలా ఉందో సాయంత్రం అలాగే, మాఘంలో ఎలా ఉందో శ్రావణంలో అలాగే ఉండే కల్లు ఎక్కడైనా దొరికితే దాని నిలకడని మెచ్చుకోండి. హైదరాబాదు కాంపౌండుల్లో ఆ నిలకడకి క్లోరల్ హైడ్రేట్ కారణమని ఆబ్కారీవాళ్ళు చాలాసార్లు పట్టుకున్నారు.

సరే, ఫ్రెంచి వైనే కావాలి అంటారా? యానాం వెళ్ళండి. గౌతమి ఒడ్డున 1954 దాకా ఫ్రాన్సువాళ్ళ చేతిలో ఉన్న ఊరు. 1995లో మనకి మద్యనిషేధం వచ్చినప్పుడు రెండు జిల్లాల మగవాళ్ళకీ ఫ్రెంచి చరిత్ర మీద ఒక్కసారిగా ఆసక్తి పుట్టింది. బస్సులు నిండా వెళ్ళి చరిత్ర తెలుసుకుని తూలుతూ వచ్చేవారు.

నంజుడికి చీజ్ అడగండి. రిసార్టువాళ్ళు త్రికోణం చీజుల డబ్బా తెచ్చి ఒలిచి పెడతారు. తోపు దగ్గర ముసలమ్మ మూకుడులో వేయించే ఎండురొయ్యల వైపు చూడకండి. ఆ వాసన బట్టలకి పడుతుంది. ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్క ఇస్తుంది, వద్దనండి. నేను వద్దనలేక ఆరు తిన్నాను.

ఇహ మారేడుమిల్లి వైపు మన్యంలో జీలుగు కల్లు ఉంది. చెట్టుకి కుండలు కాదు, బిందెలు కడతారు. దాని గురించి మావాళ్ళకి చెప్పలేదు. అన్నీ చెప్పక్కర్లేదు.

ఆదివారం బయల్దేరేముందు మా బావమరిదికి పశ్చాత్తాపం కలిగింది. ఒక్కసారైనా తాగకుండా వెళ్తున్నాం, పొద్దుటి కల్లు రెండు లీటర్లు కట్టించమన్నాడు. కట్టించాను. "మూత బిగించకండి బాబూ, గాలాడనివ్వండి" అని గీసే ఆయన చెప్తూనే ఉన్నాడు. కొత్త కారు, ఒలికిపోతుందని మావాడు మూత బిగించి, పైన టేపు కూడా వేశాడు. చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం మీదుగా వెళ్ళారు.

రెండు గంటలకి ఫోనొచ్చింది.

"బావా, పేలింది. కారు టాపంతా కల్లే. పిల్లలు ఏడుస్తున్నారు."

"ఎక్కడున్నారు?"

"కైకలూరు దగ్గర ఆపాం. చుట్టూ నీళ్ళు. పెద్ద పెద్ద ముక్కుల కొంగలేవో ఉన్నాయి."

"అది కొల్లేరు. సరస్సే. గ్లాసులున్నాయా?"

అటునుంచి మాట లేదు.

"ఓసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూడు, జామపండు వాసన వస్తోందేమో," అన్నాను.

పెట్టేశాడు.