సొరకాయ కోతలూ కేలరీ లెక్కలూ

తినే ప్రతి పదార్థాన్నీ తూచి, దాని కేలరీలను ఫోనులోని యాప్‌లో ఎక్కించుకునే ఆచారం బరువు తగ్గదలచినవారిలో బాగా పాతుకుపోయింది. వీరిలో రెండు శాఖలున్నాయి: చిక్కుడుగింజను కూడా పద్దులో చూపవలసిందేనని పట్టుబట్టే శాఖ ఒకటి, ఆకూ కాయా అసలు లెక్కకే రావని కొట్టిపారేసే శాఖ మరొకటి. ద్వైతాద్వైతాలంత ప్రాచీనమైన వాదం కాకపోయినా, పట్టుదలలో దానికేమీ తీసిపోదు గనుక దీనిని శాస్త్రీయంగా విచారించడం అవసరం.

కేలరీ అన్నది వేడికి కొలత. ఒక కిలో నీటిని ఒక సెల్సియస్ డిగ్రీ మేర వేడెక్కించడానికి పట్టే ఉష్ణాన్ని ఆహారశాస్త్రంలో కేలరీ అని వ్యవహరిస్తారు. దాని అసలు పేరు కిలోకేలరీయే గాని, వాడుకలో జనం ముందున్న కిలోను ఎప్పుడో వదిలించుకున్నారు; ఈ మొత్తం ప్రయత్నంలో వారు సునాయాసంగా వదిలించుకోగలిగిన కిలో అదొక్కటే. అమెరికాలోని మిడిల్‌టౌన్‌లో విల్బర్ ఆట్వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త 1890లలో మనుషులను గదిలాంటి యంత్రంలో రోజుల తరబడి ఉంచి, వారు తిన్నదీ, విసర్జించినదీ, వారి ఒంటి నుంచి వెలువడిన వేడీ కొలిచాడు. గ్రాము పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9 చొప్పున నేటికీ యాప్‌లు వేస్తున్న లెక్క ఆయన పేరు మీదే చెలామణి అవుతున్నది. అయితే పీచు, అనగా మన జీర్ణరసాలకు లొంగని వృక్షభాగం, ఈ లెక్కలో సరిగా ఇమడదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి దయతో విదిల్చేది గ్రాముకు సుమారు 2 కేలరీలే. సొర, బీర, పొట్ల, దోస వంటి కాయల్లో నూటికి 90 పాళ్లకు పైగా నీరే ఉండి, మిగిలిన కొద్దిలో పీచుకు కూడా వాటా పోతున్నందువల్ల, 100 గ్రాముల సొరకాయను తిన్నవారికి దక్కేది 15 కేలరీల దరిదాపు మాత్రమే. వంకాయలో అది 25, బెండకాయలో 30, కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికలు శక్తిని కిలోజౌళ్లలో చూపుతాయి. ఒక కేలరీ 4.184 కిలోజౌళ్లకు సమానమన్న సంగతి గమనించక వంకాయ వరుసలో నూరుకు అటూఇటూగా ఉన్న అంకెను చూసినవారు ఆ పూటకు వంకాయ మానుకునే ప్రమాదం ఉన్నది. అదే సంస్థ 2024 నాటి మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీల భోజనంలో 400 గ్రాముల కూరగాయలు ఉండాలని సూచించింది. 100 గ్రాములకు సగటున 25 చొప్పున వేసుకున్నా అవి 100 కేలరీలు, అనగా మొత్తంలో ఇరవయ్యో వంతు. ఒక పెద్ద గరిటెడు అన్నం కూడా ఇంచుమించు అంతే. వద్దు వద్దన్నా వడ్డించే అత్తగారి చేయి ఒక్కసారి వంగితే రోజంతటి కూరల పద్దు అందులో కొట్టుకుపోతుంది.

అయినా మొదటి శాఖవారు వెనుదీయరు. తోటకూర కట్టను కడిగి, నీరు కారుతుండగానే త్రాసు మీద పెట్టి, కాడలతో కలిపి తూచాలా, ఆకులు మాత్రమే తూచాలా అని తర్కించి, చివరకు యాప్‌లో తరిగిన ఆకుకూర ఒక కప్పు అన్న పద్దును ఎంచుకుంటారు. ఆ కప్పులో ఆకును వదులుగా పోయాలో, కుక్కి నింపాలో యాప్ చెప్పదు. ఇంతకూ తూకానికెక్కిన దానిలో గణనీయమైన భాగం కుళాయి నీరు.

అసలు కథ ఆ త్రాసు పక్కనే, పొయ్యి మీద నడుస్తున్నది. గుత్తి వంకాయ కూరకు పావుకిలో లేత వంకాయలు తీసుకుంటే వాటి సొంత విలువ సుమారు 60 కేలరీలే. కాని వంకాయ గుజ్జు గాలి గదులతో మెత్తగా ఉంటుంది గనుక, మూకుట్లో పడగానే నూనెను గడగడా తాగేసి, ఇంకా కావాలన్నట్టు పొడిగా కనబడుతుంది. వండేవారు జాలిపడి మరో గరిటె పోస్తారు. వంటల పుస్తకాలు సైతం నూనె పైకి తేలేవరకూ మగ్గనివ్వాలనే చెబుతాయి. నాలుగు పెద్ద చెంచాల నూనె అంటే దాదాపు 480 కేలరీలు; వేరుశెనగపప్పు, నువ్వులు, ఎండుకొబ్బరి కలిపి నూరిన కారం ఖాతా దీనికి అదనం. పద్దులో మాత్రం ‘వంకాయ, 250 గ్రాములు, 60’ అని ముత్యాల్లాంటి అంకెలు వెలుగుతుంటాయి. బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు విషయమూ ఇంతే.

రెండో శాఖవారి ధీమాకు కూడా ఒక హద్దు ఉన్నది. కూరగాయల బుట్టలో పక్కపక్కనే పడి ఉన్నంత మాత్రాన చామదుంపకూ సొరకాయకూ చుట్టరికం కలపడం చెల్లదు. పిండిపదార్థం దట్టంగా ఉండే చామదుంపకు 100 గ్రాములకు సుమారు 100 కేలరీలు, బంగాళాదుంపకు సుమారు 75 ఉంటాయి. వీటిని కూర పేరిట అన్నంలో కలుపుకోవడమంటే అన్నంలో అన్నం కలుపుకోవడమే. నేలలోనే పుట్టినా క్యారట్, బీట్‌రూట్ నలభై దగ్గరే ఆగుతాయి. పాపం, సహవాస దోషం వల్ల చెడ్డపేరు మోస్తున్నాయి. ఇక కీరదోసను నమలడానికీ అరిగించుకోవడానికీ అయ్యే ఖర్చు దాని రాబడిని మించుతుందనీ, కనుక తిన్నకొద్దీ సన్నబడతారనీ చేసే ప్రచారం నిలవదు. సగటు భోజనం అరుగుదలకు దానిలోని శక్తిలో పదో వంతు చాలు. కీరకు ఇంకాస్త ఎక్కువే పట్టిందనుకున్నా రాబడి చిల్లరగా మిగులుతుందే గాని అప్పు పడదు.

న్యూయార్క్‌లో 1963లో మొదలైన వెయిట్ వాచర్స్ అనే బరువు తగ్గింపు సంస్థ, తిండిని లెక్కగట్టే తన పాయింట్ల పద్ధతిలో చాలా కూరగాయలకు సున్నా వేయడం శాస్త్రజ్ఞానం కన్నా లోకజ్ఞానానికి నిదర్శనం: పొట్లకాయ మితిమీరి తిని లావెక్కామని ఫిర్యాదు చేసినవారు అరుదు. రోజుకు 1200 కేలరీలతో కఠిన నియమం పాటించేవారికి మాత్రం కూరగాయల ఆ నూరు కేలరీలు పన్నెండో వంతు అవుతాయి గనుక, వారు రాసుకుంటే తప్పుపట్టనక్కరలేదు. తక్కినవారు వంటింటి త్రాసును కూరగాయల బుట్ట దగ్గర నుంచి తీసి నూనె డబ్బా పక్కన పెట్టుకోవడం మేలు. సొరకాయను తూచే బాధ్యత రైతుబజారు అమ్మకందారుకు వదిలేయవచ్చు.