ఒక పొన్నుకర్ర ఆత్మకథ

తాడ్వాయి కొండలలో పుట్టి, అడవుల నడుమ మెలికలు తిరిగి, బూర్గంపాడు దాపున గోదావరిలో కలిసిపోవు కిన్నెరసాని యొడ్డున, ఒక సాధనపు వెదురుపొదలో నేను మొలచితిని. కొత్తగూడెము బొగ్గుగనిలో సర్దారుగా నుండిన నా యజమాని నన్ను ఏరి కోసి, కణుపులు చెక్కి, సెగ చూపి వంకర తీసి, కొసను ఇనుప పొన్ను తొడిగించిన నాటినుండియే నా కథ యారంభమైనదని చెప్పవలెను. అంతకు ముందు నేను ఒట్టి వెదురును.

లోకములోని కర్రలన్నియు నేలను తాకి బ్రదుకును. నేను మాత్రము నేలకడుపులో పైకప్పును తాకి బ్రదికితిని. షిఫ్టువారు పనిలోనికి రాకమునుపే నా యజమాని టోపీలైటు వెలిగించుకొని, తన యధీనములోని పనిచోట్లన్నియు తిరిగి, నన్ను పైకెత్తి రాతికప్పును తట్టి చెవి యొగ్గి వినెడివాడు. ఖంగుమని పలికినచో రాయి గట్టిది. బోలుగా, మొద్దుగా పలికినచో లోపల పొర విడివడినదని యర్థము. సందేహము కలిగినచోట ఎడమచేతి వ్రేళ్ళను కప్పునకు ఆనించి కుడిచేత నన్ను తాటించెడివాడు. చెవికందని యదురు చేతికందునని ఆయన నమ్మకము, అది వట్టి నమ్మకమును కాదు. ఆ పెళ్ళను గడ్డపారతో రాల్పించుటయో, క్రింద దిమ్మలు నిలిపించుటయో జరుగువరకు ఎంతటి తొందర పెట్టువాడు వచ్చినను ఆ చోటికి మనిషిని పోనిచ్చెడివాడు కాడు. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనుటయు, 1889లో త్రవ్వకము మొదలగుటయు, 1920లో సింగరేణి కంపెనీ యేర్పడుటయు గ్రంథములలో నున్న విషయములు. యంత్రములెన్ని దిగినను రాయి చెప్పుమాట వినుటకు కర్ర, చేయి, చెవి అను మూటికి నేటికిని పని తప్పలేదన్నది గ్రంథములకన్న నాకే బాగుగా తెలిసిన విషయము.

ఉద్యోగవిరమణ చేసిన సర్దారుల కర్రలు సాధారణముగా తలుపుమూలను నిలిచి చెదలకు ఆహారమగుచుండును. నన్ను ఆ గతినుండి తప్పించినది నా యజమాని మనుమరాలు. మా కొత్తగూడెము జిల్లాలోనిదే యైన చర్ల మండలము నుండి వెళ్ళి గురుకులములో చదువుకొన్న సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణతో కూడ, భువనగిరి బండమీద ఎక్కుట నేర్చి, 2014 మే 25న టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరము నెక్కిన సంగతిని బడిలో వినివచ్చి, "తాతా, మనం కూడా ఏదో ఒక గుట్ట ఎక్కాలె" అని ఆ పిల్ల పట్టుపట్టెను. బ్రదుకంతయు దిగుటయే యెరిగిన కాళ్ళు ఎక్కుటకు సమ్మతించునో లేదో యని ఆయన కొంతకాలము వెనుకాడి, పుష్యమాసపు చలిలో, అటవీశాఖవారి యనుమతితో, ఒక కోయ యువకుని దారిచూపుటకు తోడు తీసుకొని, నన్ను చేతబట్టి పాల్వంచ మీదుగా బయలుదేరెను.

యానంబైలు దగ్గర కిన్నెరసానికి అడ్డముగా కట్టిన ఆనకట్ట వెనుక నీరు గుట్టల సందులన్నిటిలోనికి చేతులు చాచియున్నది. 1977లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ఆ యడవిలో టేకులు, నల్లమద్దులు, ఇప్పలు, తునికిచెట్లు దాటుచు ఒక మిట్ట యెక్కి దిగినచో ఒక చెరువు కనబడును. దానిని చుట్టి మరొక మిట్ట దాటినచో మరొకటి. ఎన్నియో సరస్సులను దాటివచ్చితిమని బాటసారి గర్వపడుచుండగా, అన్నియు నొక్కటే నీరని దారి చూపువాడు నవ్వుచు చెప్పును. నీటి నడుమ పచ్చగా తేలుచున్న దీవులును దీవులై పుట్టినవి కావు, మునిగిపోయిన గుట్టల తలలు. ముచ్చటపడి అంచునకు పోబోయిన పిల్లను ఆ యువకుడు వెనుకకు లాగి, ఎదుటి యొడ్డున ఎండ కాచుకొనుచున్న మొసలిని చూపెను. నేను దానిని అంతవరకు కొట్టుకొనివచ్చిన మొద్దనుకొంటిని.

కాశ్మీరమున గంగాబల్, విషన్‌సర్ మొదలగు సరస్సులను హిమానీనదములు తొలిచినవందురు. ఇచ్చట ఆ పని మనుష్యులే చేసిరి. కాకతి గణపతిదేవుని కాలమున, 13వ శతాబ్దిలో, పాకాలను కట్టినవారును, రామప్ప, లక్నవరములను కట్టినవారును గుట్టకును గుట్టకును నడుమ కట్ట వేసి అడవిలో సముద్రమును నిలుపుట యెరిగినవారే; వారు వరికొరకు నిలిపిరి, ఈ కాలమువారు విద్యుత్తుకొరకు నిలిపిరి, అంతియే భేదము.

నీటిని విడిచి గుట్ట యెక్కనారంభించిన పిదప నా పొన్ను రాతిపై జారుచు, మట్టిలో దిగబడుచు, తనకలవాటు లేని పనికి చాల కష్టపడెను. సగము దూరమున, దారిమీదికి వంగియున్న ఒక పెద్ద చట్టు క్రింద పిల్ల కూర్చుండబోగా, నా యజమాని "ఆగు బిడ్డా" అని గద్దించి, నన్ను పైకెత్తి, పూర్వపు సర్దారువలెనే ఆ రాతిని నలుమూలల తట్టి వినెను.

"ఏం కొడుతున్నవ్ పెద్దయ్యా? ఇది గుట్ట, బాయి గాదు," అనెను దారి చూపువాడు.

"రాయికి ఆ సంగతి తెల్వది తమ్మీ," అని ఆయన మరల తట్టెను. ఖంగుమనెను. అప్పుడు అందరు నీడను కూర్చుండి సద్ది విప్పుకొనిరి.

శిఖరమున నిలువగా, క్రింద అడవియు దానిలో తునుకలు తునుకలుగా మెరయు నీరును మాత్రమే యుండునని నేననుకొంటిని. కాని తూర్పుదిక్కున పాల్వంచ పొగగొట్టములు గూడ స్పష్టముగా నుండెను. 2024 ఆగస్టులో కూల్చివేసిన పాత విద్యుత్కేంద్రపు ఎనిమిది కూలింగ్ టవర్లు ఎచ్చట నుండెడివో ఆయన నాతోనే చూపెను. విశ్వనాథవారి కిన్నెరసాని పాటలలో కిన్నెర కరగి వాగై పారగా ఆమె భర్త శిలయై మిగిలినట్లున్నదట. ఆ కథ నాకును ఇష్టమే. అయినను, ఈ నాటి కిన్నెర విరహముతో మాత్రమే కాలము గడుపుటలేదు. నేను కప్పు తట్టి భద్రమని చెప్పినచోటి బొగ్గు బోయిలరులో మండుచుండగా, అచ్చట ఆవిరియగునది ఈ నీరే. వానకాలమున 407 అడుగుల గీతను చేరువరకు దీనిని నిలుపుటయు, మించినప్పుడు గేట్లెత్తి వదలుటయు లెక్కప్రకారము జరుగును. పట్టణమునుండి వచ్చి దీనిని మానవహస్తము సోకని ప్రకృతియని మెచ్చుకొనువారు మొసలిని జూచి మురిసి పోవుదురు గాక. నాకు మాత్రము ఆ జలాశయము గనిలో నాతోపాటు అదే షిఫ్టు చేసి, ఇంకను విరమణ దొరకని సహోద్యోగివలె తోచెను. దాని యందము అందువలన తగ్గినదని నేననను. పెరిగినదనియే నా పక్షపాతము.

దిగుట మా యిరువురకు పాతవిద్యయే కనుక సాయంకాలమునకు ముందే కట్ట చేరితిమి. అయినను ఆయన మోకాళ్ళ బరువంతయు నాపై పడుటచే పొన్ను ఒకవైపు అరిగి చీలినది. మరునాడు రుద్రంపూర్ దగ్గర కమ్మరి నన్ను త్రిప్పిత్రిప్పి చూచి, "మడిచి సంచిల పెట్టుకునే అల్యూమినియం కర్రలొచ్చినయి గద సర్దార్ సాబ్, ఇంకా ఇదెందుకు?" అనెను.

"వాటిని తడితే రాయి సప్పుడు తెల్వది. మంచిగ బిగించు, ఎండలు ముదరకముందే పాకాలకు పోవాలె, మా పిల్ల ఊకుంటలేదు."

కమ్మరి యొక ధర చెప్పెను. నా యజమాని సగమనెను. కమ్మరి ఏమియు మాటాడక, పాత పొన్నును ఊడబెరికి నిప్పులలో పడవేసి తిత్తి ఊదనారంభించినందున, అడిగినంతయు నిచ్చుట తప్ప ఆయనకు గత్యంతరము లేకపోయెను.