శాతాలొద్దు, కిలోమీటర్లు చెప్పండి

మా రోజుల్లో బండి ఎంత దూరం పోతుందో దాన్ని నడిపేవాడిని అడిగి తెలుసుకునేవాళ్ళం. ఇప్పుడు అమ్మేవాడు చెబుతున్నాడు, మనం తలూపి అడ్వాన్సు కట్టేస్తున్నాం. నా గొడవంతా దీని గురించే.

అమలాపురంలో అంబాసిడర్ ట్యాక్సీల రాజ్యం నడిచిన రోజులు నాకు బాగా తెలుసు. పెళ్ళివారి కోసం మాట్లాడడానికి వెళ్తే డ్రైవరు ముందే తేల్చేసేవాడు. "లీటరుకి తొమ్మిది వస్తాదండి. ఆరుగురెక్కితే ఎనిమిదే. ఎదుర్లంక రేవు దాకా నా పూచీ, అవతల మీరు చూసుకోవాలి." 2002లో గౌతమి మీద యానాం–ఎదుర్లంక వంతెన తెరిచేదాకా అటుగా కాకినాడ పోవాలంటే పంటు ఎక్కాల్సిందే. ఎక్కడిదాకా కారు, ఎక్కడి నుంచి పంటు అన్నది బయలుదేరకముందే అందరికీ తెలిసేది. ఖర్చూ తెలిసేది.

అంతకు ముందు తరం వాళ్ళది పడవ ప్రయాణం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలే కోనసీమకు రోడ్లయ్యాయి. ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు అన్నీ పడవల మీదే. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే గెడ వేసేవారు. ఎదురునీరైతే గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగేవారు. ఈనాటి హైబ్రిడ్ కారు చేసేదీ అదే పని: కాసేపు బ్యాటరీ, కాసేపు పెట్రోలు, బరువెక్కువైతే రెండూ. అయితే ఆ పడవవాడు "గాలి మీదే కొత్తపేట చేర్చేస్తాను" అని ఎవరికీ మాటిచ్చి ఎరగడు.

మా అన్నయ్యగారబ్బాయి హైబ్రిడ్ కారు కొన్నాడు. కొనేటప్పుడు పక్కన నేనూ ఉన్నాను. షోరూం కుర్రాడు ఎంతో మర్యాదగా, "ఆయ్, టైములో అరవై శాతం కరెంటు మీదే నడుస్తాదండి" అన్నాడు. "అరవై శాతం సంగతి సరే బాబూ, ఇంజను ముట్టకుండా ఏకబిగిన ఎన్ని కిలోమీటర్లు?" అని అడిగాను. సమాధానం రాలేదు. మళ్ళీ మైలేజీ దగ్గరికే వెళ్ళాడు.

ఆ సమాధానం నాకు ఎదుర్లంక వంతెన మీద దొరికింది. కారులో నలుగురం, ఏసీ వేసి ఉంది. ముందున్న తెర మీద బొమ్మలో బ్యాటరీ నుంచి చక్రాలకు బాణం పోతోంది, ఆకుపచ్చ దీపం వెలుగుతోంది, చప్పుడు లేదు. వంతెన ఎత్తు మొదలైందో లేదో ఇంజను అందుకుంది. దీపం ఆరిపోయింది. అవతలి వైపు దిగుతుంటే బాణం తిరగబడి బ్యాటరీలోకి నాలుగు చుక్కల కరెంటు చేరింది. యానాం వీధుల్లో మళ్ళీ చప్పుడు లేకుండా కొంచెం దూరం నడిచి, బ్యాటరీ గీతలు రెండుకు దిగేసరికి ఇంజను మళ్ళీ అందుకుంది. "ఈవీ బటన్ నొక్కరా" అన్నాను. నొక్కాడు. బ్యాటరీ చాలదని తెర మీద వచ్చింది. "అంతే బాబాయ్, దాని ఇష్టం" అన్నాడు మావాడు.

దాని ఇష్టం కాదు, దాని లెక్క. 2022లో వచ్చిన గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్లలో బ్యాటరీ 0.76 యూనిట్లది. ఆ సైజు కారు ఊళ్ళో నెమ్మదిగా నడిస్తే ఒక యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు పోతుంది. అంటే బ్యాటరీని పూర్తిగా ఊడ్చేసినా అయిదు కిలోమీటర్లే. బ్యాటరీ మన్నిక కోసం కంప్యూటరు దాన్ని పూర్తిగా ఖాళీ కానివ్వదు, పూర్తిగా నిండనివ్వదు. కాబట్టి ఏకబిగిన దక్కేది రెండు, మూడు కిలోమీటర్లు. గడియార స్తంభం దగ్గర బయలుదేరితే అమలాపురం పొలిమేర దాటడమే గగనం, అంబాజీపేట మాట ఎత్తక్కర్లేదు.

మరి ఆ అరవై శాతం అబద్ధమా? కాదు. అది కాలం లెక్క, దూరం లెక్క కాదు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళే దారిలో, అంతర్వేది కల్యాణం రద్దీలో కారు గంటసేపు కదలకుండా ఉంటే, ఇంజను ఆగి ఉన్న నిమిషాలన్నీ కరెంటు ఖాతాలోకే పోతాయి. దూరం మాత్రం సున్నా. ఇంకో సంగతి కూడా ఉంది. ప్లగ్ లేని కారులో కరెంటు అంతా పెట్రోలులోంచి పుట్టిందే. బ్రేకు వేస్తే వెనక్కి వచ్చేది కూడా ఆ పెట్రోలు తెచ్చిపెట్టిన వేగమే.

కారు మంచిది కాదని నేననను. లీటరుకు 27.97 అని కంపెనీ వేసుకునే అంకె రోడ్డు మీద అంతా రాకపోయినా, అంబాసిడర్ ఇచ్చిన దానికి రెట్టింపు తేలిగ్గా ఇస్తుంది. రద్దీలో పొగ తక్కువ. ఆ గుణం చెప్పి అమ్మితే ఎవరు కాదంటారు? సగం కరెంటు కారని నమ్మించి అమ్మడం మాత్రం తప్పు.

నాకు అసలు బాధ ఇంకొకటి. మా సీమకు సరిపోయే బండి ఎక్కడో తయారవుతోంది, ఇక్కడికి రావడం లేదు. హైబ్రిడ్లకు దారి వేసిన ప్రియస్ 1997లో జపాన్‌లో వచ్చింది. గోడకు ప్లగ్ పెట్టి ఛార్జి చేసుకునే ప్రియస్‌కు అమెరికా ప్రభుత్వ పరీక్షలో కరెంటు మీదే నడిచే దూరం 2012లో దాదాపు 10 కిలోమీటర్లు, 2017లో 40, 2023లో 70. ఈ అంకెను అక్కడ అమ్మకానికి పెట్టిన కొత్త కారు అద్దం మీదే కాగితం అంటించి చూపిస్తారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఆ కాగితం చదివే కొంటున్నారు.

ఇప్పుడు మా దూరాలు చూడండి. అమలాపురం నుంచి రాజోలు 30 కిలోమీటర్లకు అటూ ఇటూ. రావులపాలెం కూడా అంతే. కొత్తపేట ఇంకా దగ్గర. పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చినా 60కి అటూ ఇటూనే. రాత్రి ఏసీ సాకెట్టుకు తగిలించి పడుకుంటే మర్నాడంతా పెట్రోలు చుక్క అక్కర్లేదు. హైదరాబాద్ ప్రయాణం పడ్డ రోజున ఇంజను ఉండనే ఉంది. కోనసీమకు ఇంతకన్నా తగిన కారు లేదు. అలాంటివి మన దేశంలో కోటీశ్వరుల కార్లలోనే కనబడుతున్నాయి.

పన్ను కూడా ప్లగ్ ఉన్న హైబ్రిడ్‌కీ లేనిదానికీ తేడా చూడదు. పూర్తి బ్యాటరీ కారుకు జీఎస్టీ 5 శాతం. నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌కు 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం. రెండు కిలోమీటర్లు నడిచేదానికీ, డెబ్బై నడిచేదానికీ ఒకటే పన్నైతే ఏ కంపెనీ పెద్ద బ్యాటరీ పెడుతుంది? కరెంటు మీద నడిచే దూరాన్ని బట్టి పన్ను తగ్గించండి, నాలుగేళ్ళలో ఆ బండ్లు రావులపాలెంలో దిగుతాయి.

అందాకా హైబ్రిడ్ కొనబోయే మా కుర్రాళ్ళకు చెప్పేది ఇదే. నలుగురు ఎక్కి, ఏసీ వేసి, నలభై స్పీడులో ఇంజను ముట్టకుండా ఎన్ని కిలోమీటర్లు పోతుందో అడగండి. టెస్ట్ డ్రైవ్‌లో మీటరు చూసి సరిపోల్చండి. ఆ అంకె కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టకపోతే లేచి వచ్చేయండి.