కనబడుట లేదు: ఒక చుక్క

అధికార భాష అమలు చూసే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా,

1966లో చట్టం చేసి మరీ తెలుగును రాష్ట్ర అధికార భాషగా నిలబెట్టారు. సంతోషం. ఆ తెలుగులో ‘థ’ అనే అక్షరానికి పొట్టలో ఒక చుక్క ఉంటుంది. అది కొంతకాలంగా ఉండాల్సిన చోట ఉండటం లేదు. సర్కారు బోర్డుల మీదే అక్కడక్కడా ‘పథకం’ కాస్తా ‘పధకం’ అయి కూర్చుంది.

చుక్క పోతే కొంపలేం మునుగుతాయంటారా? చుక్క ఉంటే అర్థం. లేకపోతే అర్ధం, అంటే సగం. ‘అర్ధశాస్త్రం’ చదివిన కుర్రాడికి న్యాయంగా సగం పట్టానే ఇవ్వాలి. అక్కర్లేని చోట చుక్క పడినా చిక్కే. మగని మేనిలో సగమైన అర్ధాంగి, పెళ్లిరోజు ఫ్లెక్సీ మీద ‘అర్థాంగి’ అయిందంటే ఒళ్లంతా సొమ్మేనన్నమాట. కొన్ని ఇళ్లలో అదీ నిజమే కావచ్చు గానీ, సెంటర్లో కట్టి చాటాలా? ఇక అర్ధరాత్రికైతే చాలామంది చుక్క వేయకుండా ఉండలేరు; వేళ అలాంటిది.

నిజానికి తప్పు చేతిది కాదు, చెవిది. అచ్చ తెలుగు మాటల్లో థ, ధ లాంటి ఒత్తక్షరాలు దాదాపు లేవు. ఇవి ఎక్కువగా సంస్కృతం వెంట వచ్చినవి. జనం నోట ‘కథ’ కూడా ‘కధ’గానే పలుకుతుంది. ఫోన్లో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లు పలికినట్టే కొడతారు, ఫోనూ అదే చూపిస్తుంది. ‘ఋ’ సంగతీ అంతే, తెలుగువాళ్ల నోట అది ‘రు’. అందుకే కన్నీళ్లతో ఇచ్చే ‘అశ్రునివాళి’ గోడల మీద ‘అశృనివాళి’ అవుతోంది. శృంగారంలోని ‘శృ’ను ఊడబెరికి తెచ్చి, పోయినాయన ఫొటో కింద అంటించినట్టు!

కొందరిది అతి జాగ్రత్త. ఒత్తు పెడితే మర్యాదగా ఉంటుందనుకుంటారు. హృదయానికే లేని ఒత్తును ‘హార్ధిక’ శుభాకాంక్షల్లో పెట్టి గుండె మీద బరువు మోపుతారు. ‘ఉచ్చారణ’ను ‘ఉచ్ఛారణ’ అని రాసేవాళ్లలో పంతుళ్లూ ఉన్నారు.

ఫ్లెక్సీ షాపు కుర్రాడి జోలికి మాత్రం వెళ్లకండి. తెల్లారేలోగా ఊరేగింపు బ్యానర్లన్నీ అచ్చు తీయాల్సినవాడికి చుక్కలు లెక్కపెట్టే తీరికెక్కడిది? ముందు ఆఫీసుల ముందున్న బోర్డులు చూడండి. దయచేసి కమిటీ వేయొద్దు. ‘కమిటీ వేయబడినది’ అని ఉత్తర్వు వస్తుంది. ఆ ‘బడు’ మీద మళ్లీ ఇంకో అర్జీ పెట్టుకోవాల్సి వస్తుంది.

ఇట్లు,
చుక్క తరఫు బంధువులు

తా.క.: ‘మీరు అర్థించిన విషయమై’ అంటూ జవాబు రాయిస్తారు కదా. సంతకం పెట్టేముందు ఆ ‘ర’ కింద ఓసారి చూడండి.