వంకర గీత

డిగ్రీ రెండో ఏడు ఫిజిక్స్ ప్రాక్టికల్ పరీక్షలో చీటీ తీస్తే నాకు నల్లపెట్టె తగిలింది. బయటికి రెండు టెర్మినళ్లు. లోపల ఏముందో దేవుడికీ ల్యాబ్ అటెండరుకీ మాత్రమే తెలుసు. దేవుణ్ణయినా ప్రసన్నం చేసుకోవచ్చు గానీ, ఎక్స్‌టర్నల్ ఎదురుగా ఉంటే అటెండరు పలకడు.

వోల్టేజి కొద్దికొద్దిగా పెంచుతూ, ఎంత కరెంటు పారిందో రాసుకుని గ్రాఫు గీయాలి. గీతను చూసి వస్తువేదో చెప్పాలి. అడుగుల చప్పుడు విని గుమ్మంలోకి వచ్చిందెవరో చెప్పడం లాంటిదే. సిలికాన్ డయోడు ఇట్టే దొరికిపోతుంది. 0.6 వోల్టుల దాకా ఉలకదు, పలకదు. 0.7 దగ్గర ఒక్కసారిగా లేస్తుంది. తీగలు అటూ ఇటూ మార్చామా, మళ్లీ మౌనవ్రతం. (మా చిన్న మామయ్యను ఎరిగినవాళ్లకు ఇది పాఠం చెప్పక్కర్లేదు.) జీనర్ డయోడయితే తిరగేసినా సరే, తన అంకె రాగానే తలుపు తీస్తుంది.

నా పెట్టె ఎటు తిప్పినా ఒకేలా పలికింది. రెసిస్టెన్సేనని తేల్చేశాను. గీత తిన్నగా రావాలిగా! అర వోల్టుకు 125 మిల్లీఆంపియర్లు, 1 వోల్టుకు 180, 2 వోల్టులకు 265. సంక్రాంతి అల్లుడికి జరిగే మర్యాదల్లా, మొదటి పూట ఉన్న ఊపు మూడో రోజుకు లేదు.

తప్పు మీటరుదేననుకున్నాను. రీడింగులు వండటంలో మా బ్యాచ్‌కు పేరుంది. 60, 120, 180, 240, 300 అని వడ్డించి, స్కేలు పెట్టి గీత లాగేశాను. 1827లో ఓమ్ చెప్పిన సూత్రానికి, ఉష్ణోగ్రత మారకుంటేనే అని ఓ తోక తగిలించి ఉంటుంది. నేను తోక దాకా చదవలేదు.

ఎక్స్‌టర్నల్ గ్రాఫును కళ్లకద్దుకున్నంత దగ్గరగా చూశాడు.

"రెసిస్టెన్సేనా బాబూ?"

"అవునండీ."

నాబ్ తిప్పాడు. పెట్టె పక్కన మేకు ఊడిన కన్నంలోంచి పసుప్పచ్చటి వెలుగు బల్లమీద పడింది.

"మరి నీ రెసిస్టెన్సు వెలుగుతోందేం?"

టార్చిలైటు బల్బు! టంగ్‌స్టన్ తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పటికీ, తెల్లగా వెలిగేటప్పటికీ పది రెట్లకు పైగా తేడా. అందుకే గీత పైకి పోయేకొద్దీ వాలిపోతుంది. వెనకటి బల్బులు స్విచ్చి వేసిన క్షణానే టప్పుమని మాడిపోవడమూ ఇందుకే. చల్లటి తీగలోకి కరెంటు ఒక్కసారిగా ఎగబడేది. ఇదంతా ఆయనే చెప్పాడు, ఓపిగ్గా.

చెప్పడం అయ్యాక చెయ్యి చాచాడు. పేపరు అడుగుతున్నాడేమో అనుకున్నాను.

నా స్కేలు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.