నిలువుకాళ్ల విహారము

పూర్వము మన ఋషులు ఒంటికాలిపై నిలిచి తపమాచరించిరని విన్నపుడు ఈ కాలపువారు ముసిముసి నవ్వులు నవ్వుదురు. కాని ఆ తపోధనులు తమ తపస్సునకు టిక్కెట్టు కొనలేదు, పిల్లలను వెంటబెట్టుకొని పోలేదు, తిరిగివచ్చి ఎంతో విశ్రాంతిగా నుండెనని ఇరుగుపొరుగులకు చెప్పుకొనలేదు. ఈ మూడు ఘనకార్యములను ఒక్కదినముననే నిర్వహించు నేటి గృహస్థుని ఎదుట విశ్వామిత్రుడైనను తల వంచవలసినదే. సెలవులు వచ్చినంతనే అతడు సకుటుంబముగా ఒక వినోదోద్యానమునకు బోయి, మిట్టమధ్యాహ్నపు టెండలో బారుతీరి నిలువబడి, ఆ నిలుచుటకు 'ఫ్యామిలీ టైము' అని నామకరణము చేయుచున్నాడు.

అనుభవము లేకయే పలుకుచున్నానని ఎవ్వరును శంకింపకుందురు గాక. గత దసరా సెలవులలో మా అమ్మతోను, భార్యతోను, ఇద్దరు పిల్లలతోను నగరపు పొలిమేరనున్న అట్టి ఉద్యానమొకదానిని నేనును సేవించితిని. ద్వారముకడనే ప్రథమ సత్కారము జరిగెను. అమ్మ తెల్లవారుజామున లేచి కలిపి, అరటియాకు పరచి స్టీలు డబ్బాలో సర్దిన పులిహోరను కావలివాడు సంచిలోనుండి పైకి దీసి, "బయటి ఫుడ్డు లోపలికి రానివ్వరమ్మా" అనెను. "ఇది బయటిది కాదు నాయనా, మా ఇంట్లోదే" అని ఆమె శాంతముగా బదులు చెప్పెను. ఈ తర్కమునకు అతనికడ ఖండనము లేకపోయినను, డబ్బా మాత్రము గోడవార బల్లమీదికి బోయి తనవంటి ముప్పది నలువది డబ్బాల సరసన ఆసీనమయ్యెను. మధ్యాహ్నము లోపల ఒక్క పళ్లెపు ఫ్రైడ్‌రైసునకు నేను చెల్లించిన సొమ్ము విని, దానితో మూడు నెలలకు సరిపడు చింతపండు వచ్చియుండునని ఆమె లెక్కగట్టెను. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సున గంటల తరబడి కాచుకొన్నవారికి దేవస్థానమువారు అన్నప్రసాదమును, పాలును ఊరకయే పంచిపెట్టుదురు. చివర స్వామియు నుండును. ఇచ్చట ఇంటి అన్నమును లాగికొని, ఇనుపకడ్డీల నడుమ నిలువబెట్టి, చివర గిర్రున దిరుగు కుర్చీని దర్శింపజేయుదురు.

ఈ నిలుపు విధిలిఖితము కాదు, కూడికలు తీసివేతలు వచ్చినవానికి తెలియు లెక్క. బండికి ఇరువదినలుగురు చొప్పున రెండేసి నిమిషములకొక బండి కదలినను గంటకు 720 మందికి మించి ఎక్కజాలరు. మన ముందర వేయిమంది యున్నచో గంటన్నరకు చేరువగా నిలువవలసినదే. బారుల లెక్కను జెప్పు ఈ శాస్త్రమునకు మూలపురుషుడైన డెన్మార్కు దేశీయుడు ఎర్లాంగ్ 1909లో టెలిఫోను పిలుపుల రద్దీని గూర్చి గణితము వెలయించెను. టెలిఫోనువారు ఆ విద్యతో నిరీక్షణమును తగ్గింపజూచిరి. ఉద్యానములవారు నిరీక్షణమును దాచిపెట్టుట నేర్చిరి. కడ్డీలను పామువలె మెలికలు త్రిప్పి, అయిపోయినదనుకొన్నచోట గోడచాటున మరియొక మెలిక నుంచుదురు. 'ఇచ్చటినుండి 60 నిమిషములు' అని వ్రాసియున్న పలకకడ మొదలుపెట్టి ఏబది నిమిషములకే చేరినందున మా పెద్దవాడు పది నిమిషములు లాభించినవని గంతులు వేసెను. తక్కిన ఏబది ఏమైనవని వాడడుగలేదు, నేనును చెప్పలేదు. ఆ చివరి మెట్టుమీద ఒక కొలకఱ్ఱ నిలిచియుండెను. మా చిన్నది దాని గీతకు రెండు వ్రేళ్లు తక్కువయ్యెను. అంతసేపు నిలిచినందుకైనను రెండు వ్రేళ్లు పెరిగియుండవలసినదని అమ్మ గొణిగికొనుచు, దానిని చంక నెత్తుకొని వెనుకకు మరలెను.

ఈ సంప్రదాయపు జాతకమును చూడగోరువారు 1955 జులై 17వ తేదీకి పోవలయును. ఆ దినమున కాలిఫోర్నియాలోని ఆనహైములో వాల్ట్ డిస్నీ తన డిస్నీలాండు ద్వారములు తెరచెను. దొంగటిక్కెట్లతో జనము విరుచుకొనిపడిరి; ఎండకు తారు మెత్తబడి స్త్రీల ఎత్తుమడమల జోళ్లు అందు దిగబడెను; ప్లంబర్ల సమ్మెవలన త్రాగునీటి కుళాయిలు చాలవయ్యెను. ఇన్ని అపశకునముల నడుమ పీటలమీద కూర్చున్న పెండ్లి యేదైనను మరునాటికే పెటాకులగును. ఈ వ్యాపారము మాత్రము ఖండఖండాంతరముల వర్ధిల్లెను. ఆ సంస్థవారే 1999లో, బారున నిలువకుండ వేళ నిర్ణయించుకొని వచ్చు చీటీని ఉచితముగా ప్రవేశపెట్టి, 2021లో ఆ మర్యాదకును వెల గట్టిరి. మన ఉద్యానములును ఈ పాఠమును చక్కగా వల్లెవేసినవి: అధికముగా నిచ్చువారికి వేరు మార్గము కలదు. ఆ మార్గమున నొకడు ముందునకు బోయినపుడు ఈ మార్గమున నున్నవాడొకడు వెనుకకు బోవును. వాని విసుగు పెరిగినకొలది ఆ చీటీకి గిరాకి పెరుగును. బారే పాడియావు, దానిని తగ్గింపుమని పాలవానినే వేడుకొనుచున్నాము.

సాయంకాలము లెక్క చూచుకొంటిని. లోపల గడపిన కాలము ఏడు గంటలు. ఎక్కిన యంత్రములు అయిదు. అవి మమ్ము త్రిప్పిన కాలము, అన్నియు కలిపి, 12 నిమిషములు. బండి పల్లమునకు దూకు క్షణమున యంత్రము తీసిన ఫోటోను బయటికి వచ్చు దారిలో వెలబెట్టిరి. అందు మా ఆవిడ కన్నులు గట్టిగా మూసికొనియున్నది. పెద్దవాని నోట కొండనాలుక కనబడుచున్నది. నేను కడ్డీని పట్టుకొన్న తీరు నూతిలో పడినవాడు చేంతాడును పట్టుకొన్నట్లున్నది. 'ఆనందక్షణములు' అని దానిక్రింద రంగుల అక్షరములతో వ్రాసియుండుటచే కొంటిని. ద్వారముకడ డబ్బాను విడిపించుకొని, కారు నిలిపిన చోట నేలమీద తువాలు పరచి పులిహోర తింటిమి. ఆ దినమున మాకు బారు లేక లభించినది అదియొక్కటే.

ముక్కు కోయించుకొన్నచో దేవుడు కనబడునని యొకడు చెప్పగా నమ్మి కోయించుకొన్నవాడు, దేవుడు కనబడకపోయినను, ఊరివారి నవ్వునకు జంకి, కనబడుచున్నాడనియే చాటెనట. ఆ ఫోటో ఇప్పుడు మా అద్దాల బీరువాలో నున్నది. "ఎలా ఉందండీ?" అని పక్కింటాయన దానివంక చూచి అడిగెను. "బ్రహ్మాండంగా ఉందండీ, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి" అంటిని. వారు వచ్చు ఆదివారమునకు ఆరు టిక్కెట్లు కొనిరి.